జీన్ చావలేదు, నోరు నొక్కేశారంతే

క్యాన్సర్ ఎందుకొస్తుంది అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, డిఎన్‌ఏలో ఏదో జీన్ పాడైపోయింది, అక్షరం మారిపోయింది, మ్యుటేషన్ అంటారు చూడండి, అదీ అని. నిజమే, కాకపోతే సగం నిజం. మన ప్రతి కణంలోనూ పి16 అని ఒక జీన్ ఉంటుంది, కణం అదేపనిగా విడిపోతూ పోతుంటే "ఇక చాలు ఆగు" అనడం దాని పని. కొన్ని ట్యూమర్లలోంచి ఈ జీన్ తీసి అక్షరం అక్షరం చదివితే ఎక్కడా ఒక్క తప్పు కూడా కనపడదు, ఆరోగ్యంగా ఉన్న కణంలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంటుంది, కానీ మాట్లాడదు. దాన్నుంచి రావాల్సిన ప్రొటీన్ రాదు. బ్రేక్ ఉంది, బాగానే ఉంది, పడట్లేదు అంతే. ఎవరో దాని నోరు నొక్కేశారు.

విరిగిపోయినదాన్ని అతికించడం కష్టం గానీ నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీసేయడం అంత కష్టం కాదేమో కదా? ఎపిజెనెటిక్ మందులు, అంటే డిఎన్‌ఏ అక్షరాలు ముట్టకుండా జీన్ నోటి మీది చెయ్యి తీసేవి అని వింటున్నామే, వాటి వెనకున్న ఆశ మొత్తం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆశ బాగుంది, కొంతవరకు ఫలించింది కూడా. కానీ "నిద్రపోతున్న మంచి జీన్‌ని లేపితే అది క్యాన్సర్‌ని ఆపేస్తుంది" అని చెప్పే కథ ఉంది చూశారా, అది మరీ నున్నగా చెక్కిన కథ అని నా అనుమానం. ఈ మందులు పనిచేసే తీరు దానికంటే గజిబిజిగా ఉంటుంది, నా మటుకు నాకు ఆ గజిబిజే ఆసక్తిగా అనిపిస్తుంది.

ముందు అసలు నోరు నొక్కడం అంటే ఏంటో చూద్దాం. ఒక్కో కణంలో ఉన్న డిఎన్‌ఏని సాగదీస్తే దాదాపు 2 మీటర్లు వస్తుంది, అందులో ప్రొటీన్లు తయారుచేసే జీన్స్ సుమారు 20,000. లివర్ కణంలోనూ ఇవే, మెదడు కణంలోనూ ఇవే. మరి లివర్ లివర్‌లా, మెదడు మెదడులా ఎలా ఉంటున్నాయి అంటే, ఒక్కో చోట ఒక్కో రకం జీన్స్‌ని మాత్రమే మాట్లాడనిచ్చి మిగతావాటిని మూసి ఉంచడం వల్ల. అంటే జీన్ నోరు మూయడం అనేది క్యాన్సర్ కనిపెట్టిన దొంగపనేం కాదు, మన శరీరం రోజూ చేసుకునే పనే. నలుపు, నారింజ మచ్చలు కలిసి ఉన్న పిల్లి కనిపిస్తే అది దాదాపు కచ్చితంగా ఆడపిల్లే, ఎందుకంటే ఆడవాటికి ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి, పిండం చిన్నగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఆ రెండింట్లో ఒకదాన్ని మూసేస్తుంది, నారింజ రంగు జీన్ ఉన్నది మూతపడిన చోట నల్లమచ్చ, రెండోది మూతపడిన చోట నారింజ మచ్చ. ఎలుకల మీద గమనించి మేరీ లియాన్ ఈ సంగతి 1961లోనే చెప్పింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఒకసారి మూసిన కణం నుంచి పుట్టిన పిల్లకణాలన్నీ అదే మూత కొనసాగిస్తాయి, అందుకే అది చుక్కలా కాకుండా మచ్చలా కనిపిస్తుంది. మూత కూడా వారసత్వంగా వస్తుంది, అక్షరం మారకుండానే.

మూత వేసే పద్ధతులు చాలా ఉన్నాయి గానీ ముఖ్యంగా రెండు. ఒకటి మిథైల్, ఒక కార్బన్ మూడు హైడ్రోజన్లు ఉన్న బుల్లి ముక్క, అది డిఎన్‌ఏలోని సి అనే అక్షరం మీద కూర్చుంటుంది, అదీ పక్కన జి ఉన్న చోట. జీన్ మొదట్లో, అంటే చదవడం మొదలుపెట్టే ప్రాంతంలో ఇలాంటి సి-జి జంటలు గుంపుగా ఉంటాయి, ఆ గుంపు మొత్తం మిథైల్‌తో నిండిపోతే జీన్ మూగబోతుంది. రెండోది చుట్టడం. డిఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ ఉండల చుట్టూ దారంలా చుట్టుకుని ఉంటుంది, ఒక్కో ఉండ చుట్టూ 147 అక్షరాల జంటలు. చుట్టు వదులుగా ఉంటే జీన్ చదవొచ్చు, బిగిస్తే చదవలేం. ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి తోడు, ఒకచోట మిథైల్ పడితే అక్కడికి చుట్టు బిగించేవాళ్లు కూడా వచ్చి చేరతారు.

కణం విడిపోయేటప్పుడు ఈ మిథైల్ గుర్తులు ఎలా కాపీ అవుతాయో అర్థమైతే మందు సగం అర్థమైనట్టే. సి-జి జంటకి ఎదురుగా రెండో పోగులో కూడా సి-జి జంటే తిరగేసి ఉంటుంది. కాపీ అయ్యాక పాత పోగు మీద గుర్తు ఉంటుంది, కొత్త పోగు మీద ఉండదు. డిఎన్‌ఎమ్‌టీ1 అనే ఎంజైమ్ కాపీ మిషన్ వెనకే నడుస్తూ, పాతదాని మీద గుర్తు చూసి కొత్తదాని మీద కూడా పెట్టేసి వెళ్తుంది. గుమస్తా పని. ఆ గుమస్తా రెండు మూడు తరాలు సెలవు పెడితే గుర్తులు వాటంతటవే పల్చబడిపోతాయి, ఎవరూ వచ్చి చెరపక్కర్లేదు.

క్యాన్సర్ కణంలో ఈ లెక్కలు తారుమారవుతాయి, అదీ చిత్రంగా. మొత్తం డిఎన్‌ఏ తీసుకుంటే మిథైల్ మామూలు కంటే తక్కువే ఉంటుంది, ఇలా మిథైల్ తగ్గడాన్ని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు కొన్ని జీన్స్‌లో చూపించారు. కానీ కొన్ని జీన్స్ మొదట్లో మాత్రం ఉండకూడని చోట దట్టంగా పేరుకుంటుంది. కిడ్నీ క్యాన్సర్లో వీహెచ్ఎల్, చాలా రకాల్లో పి16, పెద్దపేగు క్యాన్సర్లలో ఒక గుంపులో ఎంఎల్‌హెచ్1. ఈ చివరిది ప్రత్యేకం, అది డిఎన్‌ఏ కాపీలో తప్పుల్ని సరిదిద్దే జీన్, దాని నోరు మూస్తే తప్పులు కుప్పలుగా పేరుకుపోతాయి, అంటే మూత ఒక్కటి పడితే మ్యుటేషన్లు వేలల్లో పుట్టుకొస్తాయి. 1998లో ల్యాబ్‌లో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాలకి డెసిటబిన్ అనే మందు పోస్తే ఎంఎల్‌హెచ్1 మళ్లీ మాట్లాడింది, తప్పులు దిద్దే శక్తి కూడా తిరిగొచ్చింది. నోరు నొక్కారే తప్ప చంపలేదు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి.

ఇక మందు కథ. అజాసైటిడిన్, దాని తమ్ముడు డెసిటబిన్, రెండూ 1964లో అప్పటి చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో తయారయ్యాయి. అప్పటికి ఎపిజెనెటిక్ మందు చేద్దామని ఎవరి బుర్రలోనూ లేదు, క్యాన్సర్ కణాన్ని మోసం చేసే నకిలీ అక్షరం చేద్దామనుకున్నారు అంతే. సి అక్షరంలో ఐదో స్థానంలో కార్బన్ ఉంటుంది, దాని బదులు నైట్రోజన్ పెట్టారు. తేడా అంతా ఆ ఒక్క చోటే! తర్వాత ఏళ్లకేళ్లు దాన్ని మామూలు కీమోలాగే, ఒళ్లు తట్టుకోగలిగినంత ఎక్కువ డోసుల్లో ఇచ్చి చూశారు, ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు అయింది, రక్తకణాలు పడిపోయేవి, వాంతులు, దాంతో చాలామంది దీన్ని పక్కన పెట్టేశారు.

మలుపు వచ్చింది క్యాన్సర్ వార్డులో కాదు. పీటర్ జోన్స్ బృందం ఎలుక పిండం కణాలకి అజాసైటిడిన్ కొద్దిగా ఇచ్చి కొన్ని రోజులు వదిలేస్తే ఆ సాదాసీదా కణాలు కండరం కణాలుగా మారిపోయాయి, గిన్నెలో కండరం అదిరింది. 1977లో ఆ విషయం బయటికి వచ్చింది, 1980లో జోన్స్, షర్లీ టేలర్ కలిసి అసలు కారణం చెప్పారు, ఈ మందు మిథైల్ గుర్తులు పడకుండా ఆపుతోంది, అందుకే మూతపడిన జీన్స్ తెరుచుకుని కణం కొత్త వేషం వేస్తోంది అని. కండరమే కాదు, కొవ్వు కణాలు, మృదులాస్థి కణాలు కూడా వచ్చాయి అందులో. విషం అనుకున్నది నిజానికి తాళం తీసే పని చేస్తోందన్నమాట.

ఎలా చేస్తుందంటే, ఈ నకిలీ సి కాపీ జరిగేటప్పుడు అసలు సి స్థానంలో డిఎన్‌ఏలో దూరిపోతుంది. మన గుమస్తా వస్తాడు, గుర్తు పెడదామని దాన్ని పట్టుకుంటాడు, అక్కడ కార్బన్ లేదు నైట్రోజన్ ఉంది, పట్టుకున్న చెయ్యి ఇక రాదు. జిగురులో పడ్డ ఈగలా ఇరుక్కుపోతాడు, కణం ఆ ఇరుక్కున్న ఎంజైమ్‌ని చెత్త కింద లెక్కేసి నాశనం చేస్తుంది. గుమస్తాలు అయిపోతారు, తర్వాత తరాల్లో గుర్తులు పడవు. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. కణం కాపీ అవుతుంటేనే మందు లోపలికి దూరగలదు, విడిపోకుండా కూర్చున్న కణాన్ని ఇది పెద్దగా తాకదు. రెండోది, డోసు పెంచితే ఇరుక్కుపోయిన ఎంజైములే డిఎన్‌ఏ మీద అడ్డంకులై కణాన్ని చంపేస్తాయి, గుర్తులు పల్చబడేదాకా ఆ కణం బతికుండదు. లేపాలనుకున్నవాణ్ణి ముందే చంపేస్తే ఇక లేచేదెవరు?

అందుకే తక్కువ డోసు. ఈ రంగంలో నేర్చుకున్న అతిపెద్ద పాఠం ఇదే అంటాను నేను. కీమోలో అలవాటు ఏంటంటే పేషెంట్ తట్టుకున్నంతవరకు పెంచుతూ పోవడం, ఇక్కడ ఆ అలవాటు వదులుకోవడానికి దశాబ్దాలు పట్టింది. డెసిటబిన్‌ని పాత డోసులో చిన్న వంతుకి తగ్గించి ఎక్కువ రోజులు ఇస్తే బాగా పనిచేస్తోందని జాన్-పియర్ ఇస్సా బృందం 2004లో చూపించింది. అదే ఏడాది అమెరికాలో ఎఫ్‌డీఏ అజాసైటిడిన్‌కి అనుమతిచ్చింది, ఎండీఎస్ అనే జబ్బుకి, అంటే బోన్ మ్యారో సరైన రక్తకణాలు తయారుచేయలేకపోవడం, అది ముదిరి కొందరిలో బ్లడ్ క్యాన్సర్‌గా మారడం. 2006లో డెసిటబిన్‌కీ అనుమతి దొరికింది. 2009లో వచ్చిన ట్రయల్ ఫలితాలు చూస్తే, ముదిరే ప్రమాదం ఎక్కువున్న ఎండీఎస్ పేషెంట్లు 358 మందిలో, అజాసైటిడిన్ తీసుకున్నవాళ్ల మీడియన్ ఆయుష్షు, అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం, 24.5 నెలలు, అప్పట్లో ఇచ్చే మిగతా వైద్యాలు తీసుకున్నవాళ్లది 15 నెలలు. రెండేళ్లకి బతికున్నవాళ్లు ఇటు సగం మంది, అటు పావు వంతు పైచిలుకు. జబ్బు పోయిందా అంటే పోలేదు, కానీ అంతకుముందు ఏ మందూ ఇంత చేయలేదు.

అజాసైటిడిన్ వాడుతున్నవాళ్ల ఇంట్లోవాళ్లకి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే బెంబేలెత్తిపోతారు. మామూలుగా 28 రోజుల సైకిల్లో 7 రోజులు ఇంజెక్షన్, మొదటి ఒకటి రెండు సైకిళ్లలో ప్లేట్‌లెట్స్, తెల్లకణాలు ఇంకా పడిపోతాయి, "మందు వేశాక ఇంకా నీరసించిపోయారేంటి" అనిపిస్తుంది. పనిచేస్తోందో లేదో తెలియడానికి కనీసం 4 నుంచి 6 సైకిళ్లు చూడాలంటారు, అంటే ఆరు నెలల దాకా. గుర్తులు తరం తర్వాత తరంలో పల్చబడాలి కదా, రాత్రికి రాత్రి జరిగే పని కాదు. అయితే జ్వరం, రక్తస్రావం లాంటివి వస్తే "ఇది మామూలేలే" అనుకుని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇంకో చిన్న సంగతి, ఈ మందు నీళ్లలో కలిపాక నిలవదు, విరిగిపోతుంది, అందుకే చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌ని కలిపిన కాసేపట్లోనే ఇచ్చేయాలి, నర్సు సిరంజిని రెండు అరచేతుల మధ్య గబగబా దొర్లించి ఇవ్వడం చూస్తే కంగారు పడకండి, అడుక్కి దిగిన పొడిని మళ్లీ కలపడానికే అది.

చుట్టు వదులు చేసే మందుల కథ ఇంకో దారిలో వచ్చింది. 1971లో షార్లట్ ఫ్రెండ్ అనే శాస్త్రవేత్త ఎలుక లుకేమియా కణాలకి డీఎంఎస్ఓ అనే మామూలు ద్రావకం తగిలితే అవి విడిపోవడం మాని ఎర్రగా మారుతున్నాయని, అంటే బుద్ధిగా ఎర్రకణాల్లా ఎదుగుతున్నాయని గమనించింది. ఆ దారం పట్టుకుని పాల్ మార్క్స్, రోనాల్డ్ బ్రెస్లో ఏళ్లపాటు తవ్వితే, చుట్టు బిగించే ఒక ఎంజైమ్‌ని ఆపే వోరినోస్టాట్ వచ్చింది, 2006లో చర్మానికి వచ్చే ఒక రకం టీ-సెల్ లింఫోమాకి, అంటే తెల్లకణాల క్యాన్సర్‌కి అనుమతి దొరికింది. తర్వాత రోమిడెప్సిన్, ఒక బ్యాక్టీరియా నుంచి దొరికినది. ఫిట్స్‌కి ఎప్పట్నుంచో వాడుతున్న వాల్‌ప్రోయేట్ కూడా ఇదే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని 2001లో తేలింది! ఈ గుంపు మందులు కొన్ని లింఫోమాల్లో పనికొచ్చాయి, మిగతాచోట్ల పెద్దగా కాదు. చుట్టు బిగించే ఇంకో ఎంజైమ్ ఈజెడ్‌హెచ్2ని ఆపే టాజెమెటోస్టాట్ 2020లో వచ్చింది, అదీ కొద్దిమందికే.

నోరు విప్పిస్తే క్యాన్సర్ కణం దారికొస్తుందనే మాటకి అన్నిటికంటే గట్టి సాక్ష్యం మాత్రం వీటిలో లేదు, ఏపీఎల్ అనే బ్లడ్ క్యాన్సర్లో ఉంది. అక్కడ రెండు జీన్స్ విరిగి అతుక్కుని పుట్టిన ఒక వికృత ప్రొటీన్, కణం ఎదగడానికి కావాల్సిన జీన్స్ మీద చుట్టు బిగించేవాళ్లని తెచ్చి కూర్చోబెడుతుంది. విటమిన్-ఏ చుట్టం అయిన ఏటీఆర్ఏ ఇస్తే ఆ పట్టు వదిలిపోయి కణాలు ఎదిగి, ముసలివై, వాటంతటవే పోతాయి. షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 1988లో 24 మంది పేషెంట్ల వివరాలు ప్రచురిస్తే 24 మందికీ పూర్తి రెమిషన్, అంటే జబ్బు ఆనవాళ్లు కనపడకుండా పోవడం. చంపకుండా పెద్దవాణ్ణి చేసి పంపించడం. కాకపోతే ఇక్కడ దోషి ఒక్కడే, అడ్రస్ తెలుసు. మిథైల్ మందులకి ఆ అదృష్టం లేదు.

ఎందుకంటే అజాసైటిడిన్‌కి పి16 అంటే ఏంటో తెలీదు. అది గుమస్తాని పట్టుకుంటుంది, గుమస్తా చేసే పని మొత్తం ఆగుతుంది, ఏ జీన్ తెరవాలి ఏది వద్దు అని ఎంచుకోదు. పేషెంట్లలో ఎవరికి ఏ మంచి జీన్ లేచిందో చూసి, వాళ్లకే మందు పనిచేసిందా అని లెక్కగడితే ఆ రెండూ సరిగ్గా కలవలేదు, ఏళ్లతరబడి జనం బుర్ర బద్దలు కొట్టుకున్నారు. 2015లో టొరంటో నుంచి ఒక బృందం, జాన్స్ హాప్కిన్స్‌లో స్టీఫెన్ బేలిన్ వాళ్ల బృందం, రెండూ వేర్వేరుగా ఒకే సంగతి బయటపెట్టాయి. మన డిఎన్‌ఏలో దాదాపు 8 శాతం పాత వైరస్‌ల అవశేషాలు, లక్షల నుంచి కోట్ల ఏళ్ల కింద మన పూర్వీకుల్లో దూరి అలాగే ఉండిపోయినవి. ప్రొటీన్ల కోసం నేరుగా చదివే అక్షరాల భాగం 2 శాతం కూడా ఉండదు, పాత వైరస్‌లది దానికి నాలుగు రెట్లు పైనే, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. వీటిని కణం మిథైల్ వేసి పూడ్చిపెట్టి ఉంచుతుంది. మందు ఆ మూత తీస్తే పాత వైరస్ ముక్కలు గొణగడం మొదలుపెడతాయి, రెండు పోగుల ఆర్ఎన్ఏ తయారవుతుంది, కణంలో ఉన్న కాపలాదారు దాన్ని చూసి "వైరస్ దూరింది బాబోయ్" అని ఇంటర్‌ఫెరాన్ సైరన్ మోగిస్తాడు. నిజంగా ఏ వైరస్సూ రాలేదు, ఉత్త భ్రమ. కానీ ఆ సైరన్‌కి కణం పెరగడం ఆపుతుంది, ఇమ్యూనిటీ కూడా అటు తలతిప్పి చూస్తుంది.

అంటే మంచివాణ్ణి లేపడానికి వెళ్తే పాత దొంగ లేచి కేకలేశాడు, ఆ కేకలకి ఊరు మేలుకుంది. కారణం ఇదొక్కటే అని ఎవరూ అనట్లేదు, కొంత నేరుగా కణాలు చావడం, కొంత ఎదగడం, కొంత ఈ సైరన్, అన్నీ కలిసే పనిచేస్తున్నాయి. అయినా "నోరు నొక్కిన జీన్‌ని తిరిగి మాట్లాడించే మందు" అని హెడ్డింగ్ చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసుకోండి.

మరి రొమ్ము, లంగ్, పేగు లాంటి గట్టి గడ్డల్లో ఎందుకు పనిచేయట్లేదు? అక్కడా నోరు నొక్కిన జీన్స్ బోలెడు ఉన్నాయి కదా. రక్తంలోని చెడ్డ కణాలు మందుకి ఎదురుగా ఉంటాయి, చాలావరకు త్వరత్వరగా విడిపోతాయి. గడ్డలో లోపలికి మందు చేరడం కష్టం, చాలా కణాలు విడిపోకుండా కూర్చుంటాయి, పైగా అజాసైటిడిన్ ఒంట్లో ఎంతోసేపు నిలవదు, సైటిడిన్ డిఅమినేజ్ అనే ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. 2011లో ముదిరిన లంగ్ క్యాన్సర్ పేషెంట్లు 45 మందికి అజాసైటిడిన్, చుట్టు వదులు చేసే ఎంటినోస్టాట్ కలిపి ఇస్తే కొద్దిమందిలో మాత్రం బాగా కనిపించింది, ఒకరిలో గడ్డ పూర్తిగా మాయమైంది, దాంతో ఆశలు రెక్కలు విప్పాయి. తర్వాత ఎంటినోస్టాట్‌ని హార్మోన్ మందుతో కలిపి రొమ్ము క్యాన్సర్లో చేసిన పెద్ద ట్రయల్ మాత్రం గట్టెక్కలేదు. ఇమ్యూనోథెరపీకి ముందు ఇది ఇచ్చి గడ్డని మెత్తబరిస్తే ఎలా ఉంటుందని ఇంకా ప్రయత్నాలు జరుగుతున్నాయి, సైరన్ కథ విన్నాక అది సబబుగానే తోస్తుంది.

బ్లడ్ క్యాన్సర్లో మాత్రం జోడీ కుదిరింది. కణాన్ని చావనివ్వకుండా కాపాడే బీసీఎల్2ని అడ్డుకునే వెనిటోక్లాక్స్‌ని అజాసైటిడిన్‌కి కలిపితే, గట్టి కీమో తట్టుకోలేని ఏఎమ్ఎల్ అనే రకం పేషెంట్లలో మీడియన్ ఆయుష్షు 9.6 నెలల నుంచి 14.7 నెలలకి పెరిగిందని 2020లో వచ్చింది. అదే ఏడాది డెసిటబిన్ మాత్ర రూపంలో కూడా వచ్చింది, ఆ విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపే సెడాజురిడిన్‌ని కలిపి, అంటే నెలనెలా ఇంజెక్షన్ కోసం ఆస్పత్రికి తిరిగే బాధ కొంత తగ్గినట్టే.

అన్ని నోళ్లూ తెరవడం మంచిదే అనుకునేవాళ్ల కోసం ఒక మాట. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు ట్యూమర్లో ఎంజీఎంటీ అనే జీన్ ఉంటుంది, డిఎన్‌ఏకి తగిలిన దెబ్బల్ని బాగుచేసేది, ఎంత మంచి జీనో కదా. టెమోజోలమైడ్ కీమో చేసే పనేమో సరిగ్గా డిఎన్‌ఏని దెబ్బ కొట్టడం. ఈ జీన్ మాట్లాడుతుంటే కొట్టిన దెబ్బ కొట్టినట్టే బాగైపోతుంది, మందు వృథా. 2005లో తేలింది ఏంటంటే, ఎంజీఎంటీ నోరు మూతపడి ఉన్న పేషెంట్లకే ఆ కీమో బాగా ఉపయోగపడుతోందని. అక్కడ మూత ఉండటమే అదృష్టం. అందుకే ఫలానా పొడి తాగితే, ఫలానా క్యాప్సూల్ మింగితే మీ జీన్స్ మేలుకుంటాయి అని అమ్మేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది, ఏ జీన్‌ని లేపుతావయ్యా, లేపితే ఏమవుతుందో తెలుసా నీకు?

మందు ఆపితే ఏమవుతుంది అంటే, గుమస్తాలు మళ్లీ తయారవుతారు, గుర్తులు మళ్లీ పడతాయి, జీన్ మళ్లీ మూగబోతుంది. అందుకే పనిచేస్తున్నన్నాళ్లు సైకిళ్లు ఆపకుండా ఇస్తూనే ఉంటారు, ఎక్కువమందిలో ఏదో ఒకరోజు జబ్బు దాన్నీ దాటేస్తుంది. ఒక్క జీన్ అడ్రస్ రాసిచ్చి దాని మూత మాత్రమే తీయగలిగితే ఎలా ఉంటుంది అని డిఎన్‌ఏలో అనుకున్న చోటికి వెళ్లి కత్తిరించే క్రిస్పర్ అనే పరికరంలో కత్తెర విరిచేసి, దాని స్థానంలో మిథైల్ చెరిపే టెట్1 ఎంజైమ్‌ని తగిలించి చూశారు. ల్యాబ్ గిన్నెలో పనిచేస్తుంది, అనుకున్న జీన్ నోరు విప్పుతుంది. గిన్నెలో ఉన్నవి కొన్ని లక్షల కణాలు. ఒక సెంటీమీటర్ గడ్డలో కోట్లలో ఉంటాయి, ఆ పరికరం ప్రతి కణంలోకీ దూరాలి, దూరకుండా మిగిలిపోయిన కణం ఏమీ జరగనట్టే మళ్లీ విడిపోవడం మొదలుపెడుతుంది.